ఊ కొట్టే మనిషి

నేను మొదటిసారి వక్తృత్వ పోటీలో నిలబడింది తొమ్మిదో తరగతిలో. అంశం ‘దేశాభివృద్ధిలో యువత పాత్ర’. మా సారు రాసిచ్చిన రెండు పేజీలు వారం రోజులు బట్టీ పట్టాను. స్టేజీ ఎక్కి, ‘గౌరవనీయులైన అధ్యక్షుల వారికి’ దగ్గర మొదలుపెట్టి మొదటి పేజీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. రెండో పేజీలో మొదటి మాట ‘అదేవిధంగా’. ఆ మాట వచ్చింది గానీ దాని వెనకాల రావాల్సింది రాలేదు. ‘అదేవిధంగా’ అని మూడుసార్లు అన్నాను. నాలుగోసారి ముందు వరుసలో ఎవరో నాతో పాటే అన్నారు. హాలంతా నవ్వులు. దిగి వచ్చేశాను.

మా బాపు సుల్తానాబాద్‌లో ఒక రైసు మిల్లులో గుమాస్తా. సంగతి నాకంటే ముందే ఆయనకు చేరింది. రాత్రి అన్నం తింటూ అడిగాడు: ‘ఇంతకు నువ్వు చెప్పొచ్చిందేంది బిడ్డా?’

చెప్పాను. మన వాడకట్టులో పది పాసైన పొరగాండ్లంతా దుబాయి పోవుడే చూస్తున్నరని, ఇక్కడ పని లేకనా, ఉన్న పని నచ్చకనా ఎవరూ అడుగుతలేరని. బాపు ‘ఊఁ’ అన్నాడు. ఇంకో మాట చెప్పాను. మళ్లీ ‘ఊఁ’. మధ్యలో ఒకచోట ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. అట్లా ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు.

అంతా విని అన్నాడు: ‘మరి గిదే పొద్దుగాల చెప్పకపోతివి? మిల్లు నడుస్తున్నప్పుడు మాట్లాడినట్టు ఒర్లినవట. మిల్లు బంద్ అయినంక ఎట్ల మాట్లాడుతమో గట్ల చెప్పాలె.’

ఆ తర్వాత ఎన్నో పోటీల్లో పాల్గొన్నాను. ఎన్నో ఏళ్లు న్యాయనిర్ణేతల బల్ల వెనక కూర్చున్నాను. వక్తృత్వానికైనా, ఏకపాత్రాభినయానికైనా పిల్లలకు నేను చెప్పే పాఠం ఆ రాత్రి విన్నదే. ఎదుట ఊ కొట్టే మనిషి ఒకరుండాలి. మిల్లు బంద్ చేసి మాట్లాడాలి. ఈ అధ్యాయమంతా దాని వివరణే.

ఒగ్గు కథ నేర్పేది

మన ఇళ్లలో కథ చెప్పే నానమ్మ ముందే షరతు పెడుతుంది: ‘ఊ కొట్టాలె మరి.’ ఊ ఆగిందంటే ‘పన్నవా?’ అని అడుగుతుంది. కథ ఎంత బాగుందో ఆమె విడిగా ఎవరినీ అడగదు. ఊ వస్తున్న తీరులోనే ఆమెకు తెలిసిపోతుంది. ఆసక్తి పెరిగితే ఊ తొందరగా వస్తుంది. భయం వేస్తే చిన్నగా వస్తుంది. విసుగొస్తే సాగుతుంది.

సుల్తానాబాద్‌కు దగ్గర్లోని ఓదెల మల్లన్న గుడికి వెళ్లినవాళ్లు ఒగ్గు పూజారులు పట్నాలు (పూజ ముగ్గులు) వేయడం చూసే ఉంటారు. ఒగ్గు అంటే శివుడి డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే ఒగ్గు కథకుడిని ఈసారి పోటీదారు కళ్లతో చూడండి. ఆయన ఒక్కడే రాజు, ఒక్కడే రాణి, ఒక్కడే కథ చెప్పేవాడు. రాణి రావాలంటే భుజం మీది బట్ట తల మీదికి వస్తుంది. అంతే, రాణి వచ్చేసింది. బట్ట దిగితే మళ్లీ కథకుడు. పక్కనున్న సహాయకుడు మాటకు మాట అందిస్తాడు, నడుమ ప్రశ్న వేస్తాడు, నవ్విస్తాడు. జనం తరఫున ఊ కొట్టేవాడు ఆయనే. కథకుడు అంత మందిలో కూడా ఒక్క మనిషికే చెబుతున్నట్టు చెప్పగలగడానికి ఆ తోడు ఒక కారణం.

ఇది చిన్న విద్యేమీ కాదు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట ఒగ్గు కథకు మిద్దె రాములును ఇచ్చింది. అదే ఊరు సి. నారాయణరెడ్డిని ఇచ్చింది. చిన్నప్పుడు హరికథలు, జంగం కథలు చెవులారా విన్న ఆ పిల్లవాడే ‘విశ్వంభర’కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ్ అందుకున్నాడు. ఆయన చదువు సాగింది ఉర్దూ మీడియంలో. ‘మాది ఇంగ్లీషు మీడియం, తెలుగులో మాట్లాడలేను’ అనే పిల్లలకు నేను ఈ సంగతే చెబుతాను. బడిలో ఏ మీడియమైనా చెవికి మాత్రం ఇల్లు, వాడ, జాతర అన్నీ మీడియమే.

స్టేజీ మీద మనకు సహాయకుడు ఉండడు. అందుకే ఊ కొట్టే మనిషిని వెంట తీసుకుపోవాలి, మనసులో.

ఏది ఎంచుకోవాలి?

ఏకపాత్రాభినయం పోటీకి న్యాయనిర్ణేతగా వెళితే దుర్యోధనుడి కిరీటాలు వరుసగా కనిపిస్తాయి. ఒకసారి ఐదుగురు వచ్చారు. ఐదుగురిదీ మయసభే, ‘దానవీరశూరకర్ణ’లోదే. 1977లో వచ్చిన ఆ సినిమాకు కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు నోటినిండా పలకాలని ఏ పిల్లవాడికైనా ఉంటుంది. తప్పులేదు, తెలుగు ఉచ్చారణకు అంతకన్నా మంచి వ్యాయామం దొరకడం కష్టం. ఇంట్లో రోజూ పలకండి. పోటీకి తెచ్చినప్పుడే చిక్కు. హాల్లో ఉన్నవాళ్ల చెవుల్లో ఎన్టీ రామారావు ముందే మోగుతుంటాడు. మీరు ఎంత బాగా చేసినా మిమ్మల్ని ఆయన పక్కన నిలబెట్టి చూస్తారు. బాగా చేస్తే ‘అచ్చం ఆయనలాగే’ అంటారు. అది మిమిక్రీకి దక్కాల్సిన మెప్పు.

మిమిక్రీ వేరే విద్య, అదీ గొప్పదే. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ ఆ విద్యతో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లారు. అక్కడ గొంతును పట్టుకోవాలి, ఇక్కడ మనిషిని పట్టుకోవాలి.

ముక్క ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పాత్ర ఎవరితో మాట్లాడుతోంది? ఆ మనిషి నుంచి ఏం కావాలనుకుంటోంది? చివరికొచ్చేసరికి పాత్రలో ఏం మారింది? మూడింటికీ జవాబు ఉంటే అది పోటీకి పనికొచ్చే ముక్క. దేనికి జవాబు లేకపోయినా అది నాటకం కాదు, ఉపన్యాసానికి వేషం వేసినట్టు.

పౌరాణికాలే ఉండాలని రూలు ఎక్కడా లేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో స్టేజీ ఎక్కింది. అందులో గిరీశం ఎదుటివాణ్ని బట్టి మాట మార్చే తీరు ఇంటర్ పిల్లలకు మంచి పరీక్ష. అమ్మాయిలకు నేను పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ ఇస్తుంటాను. అందులో మాట్లాడేది పాలమూరు తెలుగు, మన కరీంనగర్ తెలుగు కాదు. అయినా ఒక తెలంగాణ ఆడమనిషి నోట కథ ఎట్లా నడుస్తుందో చెవికి ఎక్కుతుంది. ఆదిలాబాద్ సామల సదాశివ ‘యాది’ నాలుగు పేజీలు పైకి చదవండి. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ముచ్చట పెడుతున్నట్టే ఉంటుంది. వక్తృత్వానికి కావాల్సిన స్వరం అదే.

ఇక యాస. కాళోజీ పుట్టిన రోజు, సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు కూడా కొన్ని బళ్లలో పిల్లలు ‘మన యాసను కాపాడుకోవలెను’ అని గ్రాంథికంలో ఉపన్యసిస్తారు! నడిపించే భాష అందరికీ తెలిసిన తెలుగైతే సరిపోతుంది. మీ అమ్మ మాట, మీ తాత మాట వచ్చినచోట మాత్రం అది వాళ్ల నోట్లోంచి వచ్చినట్టే రానివ్వండి. యాసను నవ్వు కోసం వాడితే న్యాయనిర్ణేతకు వెంటనే తెలుస్తుంది.

ఉపన్యాసం రాసుకోవడం

జనవరి వస్తే చాలు, వక్తృత్వ పోటీల పంట. 12న వివేకానంద జయంతి, 25న జాతీయ ఓటర్ల దినోత్సవం. 1950 జనవరి 25న ఎన్నికల సంఘం ఏర్పడింది. ఆ గుర్తుగా 2011 నుంచి ఈ దినోత్సవం జరుపుతున్నారు. ‘ఓటు విలువ’ మీద మాట్లాడమంటే ఇరవై మందిలో పద్దెనిమిది మంది ‘ప్రజాస్వామ్యంలో ఓటు వజ్రాయుధం వంటిది’ అని మొదలుపెడతారు. మొదటివాడి వజ్రాయుధానికి పదును ఉండొచ్చు. పద్దెనిమిదోవాడి దాకా వచ్చేసరికి అది కొడవలికి కూడా కొరగాదు.

ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఇలా మొదలుపెట్టింది: ‘మా నానమ్మకు చదువు రాదు. ఓటేసి వచ్చినంక వేలు మీది సిరా పోతదేమోనని మూడు రోజులు గిన్నెలు మా అమ్మతోనే తోమించింది.’

హాలు నవ్వింది. ఆ నవ్వే ఊఁ. అమ్మాయి ఆ నవ్వు సద్దుమణిగే దాకా ఆగి, ‘ఆ సిరా అంత తొందరగా పోదని మా నానమ్మకు తెలుసు. అయినా కాపాడుకుంది. ఎందుకు?’ అంది. ఆ ‘ఎందుకు’కు జవాబు చెప్పడమే ఆమె ఉపన్యాసం. అంతకుమించి ఎత్తుగడలు లేవు.

దీన్నుంచి పద్ధతి తీసుకోవచ్చు. ముందు ఒక దృశ్యం, మీరు కళ్లారా చూసింది. దానిలోంచి ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకు రెండు మూడు కోణాల్లో జవాబు, ఒకచోట నిజమైన లెక్కో తేదీయో. చివర మళ్లీ ఆ దృశ్యం, ఈసారి కొంచెం వేరుగా కనిపించాలి. సభా మర్యాద ఒక్క వాక్యం చాలు. వేదిక మీద ఉన్న పేర్లన్నీ చదివి అర నిమిషం పోగొట్టుకున్నవాళ్లే గంట మోగినప్పుడు ముగింపు మింగేస్తారు.

నిడివికి మీ లెక్క మీరే తీసుకోండి. ఒక్క నిమిషం పాటు మామూలుగా మాట్లాడినట్టు పైకి చదివి, ఎన్ని మాటలు అయ్యాయో లెక్కపెట్టండి. 85 వచ్చాయనుకుందాం. ఐదు నిమిషాలకు 425. కానీ 380 దగ్గర ఆపేయండి. మిగిలింది నవ్వుకు, ఆగడానికి, ఊపిరికి. కాగితం మీద ఊపిరికి చోటు వదలనివాడు స్టేజీ మీద రొప్పుతాడు.

ఫోన్లో అమ్మ

భరతముని అభినయాన్ని నాలుగుగా చెప్పాడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. శరీరం, మాట, వేషం, లోపలి భావం. పోటీలప్పుడు అమ్మానాన్నల డబ్బంతా మూడోదానికి పోతుంది. కిరీటం అద్దె, గద అద్దె, మేకప్పు. నాలుగోదానికి అద్దె దుకాణం లేదు మరి.

అమెరికా హైస్కూళ్లలో ఇలాంటి పోటీలు పెద్ద ఎత్తున జరుగుతాయి. 1925లో మొదలైన ఒక జాతీయ సంఘం, ఇప్పటి నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్, వాటికి నియమాలు పెడుతుంది. అక్కడ ‘డ్రమాటిక్ ఇంటర్‌ప్రెటేషన్’ అనే విభాగంలో వేషం ఉండకూడదు, చేతిలో వస్తువు ఉండకూడదు. పది నిమిషాలు, ప్రచురితమైన రచన నుంచి ఒక ముక్క. ఎన్ని పాత్రలున్నా ఒక్కరే పలికించాలి. ఆ నియమాలు చదివినప్పుడు నాకు ఓదెల గుర్తొచ్చింది. భుజం మీది బట్టతో రాణిని తెచ్చినవాడికి ఈ రూలు కొత్తదేం కాదు.

మన దగ్గర వేషం వద్దని రూలు లేదు, వేసుకోండి. కానీ వేషం లేకుండా మామూలు బట్టల్లో చేసినప్పుడు కూడా పాత్ర నిలబడుతుందా అని ముందు చూసుకోండి. నిలబడితేనే కిరీటం పెట్టండి.

ఒక పోటీలో తొమ్మిదో తరగతి అమ్మాయి బడి యూనిఫాంలోనే వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో ఫోన్లో మాట్లాడే తల్లి పాత్ర. రాసుకున్నది ఆమే. చేతిలో ఫోన్ కూడా లేదు, అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

‘ఆఁ... తిన్న కొడుకా. నువ్వు తిన్నవా?’

ఆగింది. చాలామంది పిల్లలు ఇక్కడ తమ తర్వాతి మాట గుర్తుచేసుకోవడానికి ఆగుతారు. ఈ అమ్మాయి జవాబు వినడానికి ఆగింది. అవతలివాడు ఏదో చెబుతున్నాడు, ఈమె తల కొద్దిగా ఊపుతోంది. మాకు ఏమీ వినబడలేదు.

‘ఏం కూర?’

మళ్లీ ఆగింది. ఈసారి తల ఊపడం ఆగిపోయింది. కళ్లు కిందికి దిగాయి. అవతల ఏం విన్నదో తెలియదు. కొడుకు అబద్ధం చెప్పాడని మాత్రం హాల్లో అందరికీ తెలిసింది.

‘మంచిగనే ఉన్నది బిడ్డా, మంచి కూరే’ అంది, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

నా పక్కన కూర్చున్న న్యాయనిర్ణేత కలం పక్కన పెట్టేశాడు.

ఆమె ఏడవలేదు. ఏడుపు ఆపుకుంది. పోటీల్లో నేను చూసినంతలో, ఏడ్చే పాత్రకు హాలు జాలిపడుతుంది. ఏడుపు ఆపుకునే పాత్ర పక్కన హాలు నిలబడుతుంది. గొంతు విషయంలోనూ అంతే. కోపం అంటే అరుపు అనుకుంటారు. మిల్లు నడుస్తుంటే అరవక తప్పదు, బంద్ అయ్యాక కూడా అరిచేవాడి మాట ఎవరూ వినరు. కోపంలో మీ ఇంట్లో పెద్దవాళ్లు అరిచినప్పుడు ఎక్కువ భయపడ్డారా, గొంతు తగ్గించి పేరు పెట్టి పిలిచినప్పుడు ఎక్కువ భయపడ్డారా? గుర్తుచేసుకుంటే తెలుస్తుంది.

ఎదుటి పాత్ర ఎక్కడుందో ముందే ఖాయం చేసుకోండి. తండ్రి కుడివైపు, కూర్చుని ఉన్నాడంటే మీ చూపు ప్రతిసారీ కుడికి, కిందికే పోవాలి. ఒకసారి కిందికి, ఒకసారి పైకి చూస్తే తండ్రి లేచి కూర్చుంటున్నట్టు కనిపిస్తుంది. రెండు పాత్రలు మీరే అయితే మెడ కొద్దిగా తిప్పితే చాలు. గెంతి అటు నిలబడి జవాబు చెప్పాల్సిన పనిలేదు.

ఏడు రోజుల సాధన

బట్టీ నా కొంప ముంచిందని చెప్పాను కదా. గుర్తుంచుకోవద్దని కాదు. గొలుసులాగా గుర్తుపెట్టుకుంటే ఒక లంకె తెగితే మొత్తం జారిపోతుంది. ఉపన్యాసాన్నైనా పాత్రనైనా ఐదు ఘట్టాలు చేసి, ఒక్కో వేలికి ఒక్కోటి అప్పగించండి. ఒకటి మరిచినా తర్వాతి వేలు ఉంటుంది.

మొదటి రోజు: కాగితం లేకుండా విషయాన్ని ఇంట్లో ఒకరికి చెప్పండి. ఊ కొట్టమనండి. ఎక్కడ ఊ సాగిందో, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి.

రెండో రోజు: ఊ ఆగిన చోట్లన్నీ కొట్టేయండి. మీకు ఎంతో ఇష్టమైన వాక్యమైనా సరే.

మూడో రోజు: ఫోన్లో రికార్డు చేసి, కళ్లు మూసుకుని వినండి. ‘శ, ష, స’లు, ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ జారుతున్నాయో ఒక చీటీ మీద రాసుకోండి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే అలవాటుంటే ఇక్కడే బయటపడుతుంది. ‘కళ’ను ‘కల’ అంటే అర్థమే మారిపోతుంది.

నాలుగో రోజు: వాకిట్లో స్టేజీ అంత మేర గీసుకోండి. ఎదుటి పాత్ర ఉన్నచోట ఒక ఇటుక పెట్టండి. చూపు అక్కడికే పోవాలి.

ఐదో రోజు: టీవీ నడుస్తుండగా, తమ్ముడు అల్లరి చేస్తుండగా చెప్పండి. మధ్యలో ఎవరైనా ‘మూడో ఘట్టం’ అంటే అక్కణ్నుంచి అందుకోవాలి.

ఆరో రోజు: వేషంతో, గడియారంతో ఒకసారి పూర్తిగా. పంచె కాలికి అడ్డం పడుతుందో లేదో ఈ రోజే తెలియాలి.

ఏడో రోజు: ఒక్కసారే. తర్వాత పడుకోండి.

పోటీ రోజు

రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సెక్కాక కూడా కొందరు పిల్లలు పెదాలు కదుపుతూనే ఉంటారు. వద్దు. కిటికీలోంచి బయటికి చూడండి. ఆరిన కుండలో నీళ్లు పోస్తే ఇంకుతాయి, నిండిన కుండలో పోస్తే ఒలికిపోతాయి.

హాలుకు ముందే వెళ్లి స్టేజీ మీద ఒకసారి నిలబడండి. వెనక వరుస ఎంత దూరముందో చూడండి. మైకును కొట్టడం, ఊదడం చేయకండి. నోటికి జానెడు దూరంలో ఉంచండి. మీకంటే ముందు మాట్లాడినవాడు పొడుగైతే స్టాండు దించుకోండి, అందుకు తీసుకునే నాలుగు క్షణాలు ఎవరూ మీ ఖాతాలో రాయరు. చీటీల్లో మొదటి నంబరు వస్తే బెంగపడకండి. హాలు ఇంకా కుదురుకోలేదు కాబట్టి మొదలుపెట్టేముందు మూడు ఊపిర్లు ఎక్కువ తీసుకోండి. ఆ నిశ్శబ్దమే మీ మొదటి మాట.

అప్పుడు ఒక ముఖాన్ని వెతుక్కోండి. న్యాయనిర్ణేతల్లోనే కానక్కర్లేదు. మూడో వరుసలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లి కావచ్చు, గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండర్ కావచ్చు. తల ఊపుతున్న మనిషి కనబడితే చాలు, మొదటి ఘట్టం ఆ మనిషికే చెప్పండి. తర్వాత హాలంతా చూడండి.

మరిచిపోతే? చివరగా అన్న వాక్యాన్ని మళ్లీ, నిదానంగా అనండి. వినేవాళ్లకు అది నొక్కి చెప్పినట్టే ఉంటుంది. ఈలోగా తర్వాతి వేలును తాకండి. ‘క్షమించాలి’ అనొద్దు, నాలుక కొరుక్కోవద్దు. మీ కాగితం మీ దగ్గరే ఉంది, ఏం పోయిందో హాలుకు తెలియదు.

ఫలితం తర్వాత

బహుమతి రాకపోతే న్యాయనిర్ణేతల్లో ఒకరి దగ్గరికి వెళ్లి, ‘నాకెందుకు రాలేదు సార్?’ అని కాకుండా ‘మీ ధ్యాస ఎక్కడ పక్కకు పోయింది సార్?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు మర్యాద మాటలు వస్తాయి. రెండోదానికి పని మాటలు వస్తాయి. బహుమతి వచ్చినా అడగండి.

ఇంకో సంగతి. పోటీలో మీ వంతు ఐదు నిమిషాలు. మిగతా మూడు గంటలు ఇంకొకరి వంతు. ఆ మూడు గంటలూ కాగితంలో తల దూర్చుకుని కూర్చునే పిల్లలను నేను ఎందరినో చూశాను. వాళ్లకు స్టేజీ ఎక్కాక ఊ వినబడదు, ఎందుకంటే అంతకుముందు వాళ్లు ఎవరికీ ఊ కొట్టలేదు. మీ పక్క బడి పిల్లవాడు ‘అదేవిధంగా’ దగ్గర ఆగిపోయాడనుకోండి. వాడి కళ్లు ఒక ముఖం కోసం వెతుకుతుంటాయి. మీరు తల ఊపితే ఖర్చేమీ లేదు.

ఈ వారం మీ పని

ఒకటి: మీ వాడకట్టులో అందరికంటే పెద్దవయసు మనిషి దగ్గర కూర్చుని ఒక కథో, జరిగిన సంగతో చెప్పించుకోండి. రికార్డు చేయకండి. ఊ కొట్టండి.

రెండు: మీరు ఊ మరిచిపోయి వింటూ ఉండిపోయిన చోటు ఏదో రాసుకోండి. ఆ చోట వాళ్లు గొంతు పెంచారా, తగ్గించారా, ఆగారా?

మూడు: అదే సంగతిని ఇంటికొచ్చి రాత్రి అన్నాల దగ్గర మూడు నిమిషాల్లో చెప్పండి. ఎవరి చెయ్యి కంచంలో ఆగిందో చూడండి.